తుఫానులో తోడు: పిల్లలకు విశ్వాసాన్నీ ఆదరణనూ నేర్పే చేతిపనులకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం పిల్లలకు తుఫాను గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఓడరేవులో ప్రమాద సూచిక ఎగురవేశారనీ, వేటకు వెళ్లిన పడవలు వెనక్కి రావాలనీ పెద్దలు మాట్లాడుకోవటం వాళ్లు వింటూనే ఉంటారు. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ ఈ నగరం మీదుగా తీరం దాటినప్పుడు ఇంట్లో ఎలా గడిచిందో అమ్మానాన్నలు చెప్పగా విన్న పిల్లలు చాలామంది ఉన్నారు. అలాంటి పిల్లలకు సండే స్కూల్లోనో ఇంట్లోనో విశ్వాసం గురించి చెప్పేటప్పుడు "యేసయ్యను నమ్ముకుంటే ఏమీ కాదు" అన్న మాటతో సరిపెడితే, మరుసటి గాలివానకు కప్పు రేకులు ఎగిరిపోయినప్పుడో, ప్రార్థన చేసినా తాతయ్య చనిపోయినప్పుడో ఆ మాట వాళ్ల మనసులో నిలవదు. ఆపదే రాదని బైబిలు మాట ఇవ్వలేదు, ఆపదలో తోడుంటానని దేవుడు మాట ఇచ్చాడు. ఈ వ్యాసంలో చెప్పబోయే ప్రతి చేతిపనీ ఆ తోడును పిల్లల చేతికి అందించటానికే ఎంచుకున్నది.

పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని సంగతులను కత్తిరిస్తూ, అంటిస్తూ ఉన్నప్పుడు తమంతట తామే చెబుతారు. చూపు చేతుల మీద ఉంటుంది గనుక ఎదుటివాళ్ల ముఖం చూడవలసిన ఇబ్బంది ఉండదు. అందుచేత చేతిపని సాగుతున్నంతసేపూ నేర్పేవారు తక్కువ మాట్లాడి ఎక్కువ వినాలి. వస్తువు ఎంత అందంగా వచ్చిందన్నది రెండో సంగతి. పెద్దవాళ్లే అన్నీ కత్తిరించి ఇచ్చి, పిల్లల చేత ఒక్క చుక్క జిగురు పెట్టించి ఫొటో తీసే పద్ధతిని పూర్తిగా వదిలిపెట్టమని నా మనవి. వంకరగా కత్తిరించిన పడవైనా తాను చేసినదైతేనే పిల్లవాడు దాన్ని దాచుకుంటాడు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పెద్ద ఖర్చు అవసరం లేదు. పాత శుభలేఖలు, చెప్పుల డబ్బాలు, అట్టపెట్టెలు, దూది, ఐస్‌క్రీం పుల్లలు, జనపనార తాడు, రంగు పెన్సిళ్లు, మొండి మొన ఉన్న చిన్న కత్తెరలు ఉంటే చాలు. చార్టులు, రంగు కాగితాలు ఎక్కువ సంఖ్యలో కావలసి వస్తే పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో టోకున కొనుక్కోవచ్చు. శుభలేఖల మందపాటి కాగితం ఈ పనులకు చార్టుకన్నా బాగుంటుంది. అయితే వాటిమీద ఉన్న పేర్లు, ఫోన్ నంబర్లు కత్తిరించి తీసేసిన తరువాతే పిల్లలకు ఇవ్వాలి.

జిగురు ఇంట్లోనే కాచుకోవచ్చు. ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు కప్పుల నీళ్లలో పోస్తూ సన్నని మంట మీద గరిటె ఆపకుండా తిప్పితే, నాలుగైదు నిమిషాల్లో చిక్కబడి నిగనిగలాడే గంజి తయారవుతుంది. గోడపత్రికలు అంటించేవారు ఇలాంటి గంజిలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం గనుక పిల్లలు వాడే జిగురులో ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. మన ఎండకు మైదా గంజి ఒక్క రోజులోనే పులిసిపోతుంది కాబట్టి ఏ రోజుకు కావలసింది ఆ రోజే కాచుకోవాలి, మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచవచ్చు.

సముద్రపు గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. జూలై నుంచి నవంబరు వరకు ఇక్కడ జిగురు ఆలస్యంగా ఆరుతుంది, కాగితం అంచులు ముడుచుకుంటాయి. ఆ నెలల్లో ఒకే తరగతిలో ముగించాలనుకోకుండా, ఒక ఆదివారం అంటించి బరువైన పుస్తకాల కింద ఉంచి, మరుసటి ఆదివారం రంగులు వేయించటం మేలు. మే నెలలో జరిగే వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) రోజుల్లో ఈ చిక్కు తక్కువ.

ఆరేడుగురు పిల్లలకు ఒక పెద్దవారు చొప్పున ఉంటే పని సాఫీగా నడుస్తుంది. ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి క్రైస్తవేతర కుటుంబాల పిల్లలు కూడా వస్తుంటే, ఏ కథ చెప్పబోతున్నారో, ఏ వస్తువు చేయించబోతున్నారో వాళ్ల తల్లిదండ్రులకు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. ఆ నిజాయితీ లేకుండా విశ్వాసం గురించి బోధించటం తగదు.

మొదటి పని: అలల మధ్య దోనె

మార్కు సువార్త 4వ అధ్యాయం 35వ వచనం నుంచి 41వ వచనం వరకు ఉన్న కథ దీనికి ఆధారం. విశాఖ పిల్లలకు ఇంతకన్నా దగ్గరి కథ సువార్తల్లో మరొకటి లేదనుకుంటాను. అందుకే దీనికి మిగతావాటికన్నా ఎక్కువ సమయం, వీలైతే రెండు తరగతులు, కేటాయించండి.

చేయించే ముందు నేర్పేవారు కొన్ని వివరాలు తెలుసుకోవాలి. కథ జరిగిన గలిలయ సముద్రం నిజానికి ఒక మంచినీటి సరస్సు. దాని పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువైన చోట 13 కిలోమీటర్లు. సముద్రమట్టానికి సుమారు 210 మీటర్ల దిగువన, చుట్టూ కొండల మధ్య ఉండటం వల్ల ఎత్తు నుంచి చల్లని గాలి హఠాత్తుగా దిగివచ్చి కొద్దిసేపట్లోనే అలలు లేస్తాయి. 1986లో ఆ సరస్సు ఒడ్డున నీరు బాగా తగ్గినప్పుడు బురదలో దాదాపు రెండు వేల ఏళ్లనాటి చేపల పడవ ఒకటి బయటపడింది. దాని పొడవు 8 మీటర్లకు కొంచెం ఎక్కువ, వెడల్పు 2 మీటర్లకు కొంచెం ఎక్కువ. జాలారిపేట ఒడ్డున ఫైబర్ పడవలను చూసిన పిల్లలకు అంత పడవలో పదమూడు మంది కూర్చుంటే ఎలా ఉంటుందో వేరే వివరించనక్కర్లేదు. పిల్లల్లో మత్స్యకార కుటుంబాల వాళ్లుంటే అలలు లేచినప్పుడు పడవలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, నీళ్లు ఎలా తోడిపోస్తారో వాళ్ల చేతనే చెప్పించండి. ఆ రోజు పాఠానికి వాళ్లే పెద్దలు.

ఒక్కొక్కరికి కావలసినవి: ఏ4 కాగితమంత గట్టి అట్ట ఒకటి, రెండు రకాల నీలిరంగు కాగితాలు, నల్లని లేదా ముదురు బూడిద రంగు కాగితం, గోధుమరంగు శుభలేఖ ముక్క, ఒక ఐస్‌క్రీం పుల్ల, చిటికెడు దూది, జిగురు, సెల్లో టేపు.

1. అట్టను అడ్డంగా పెట్టి, పై సగంలో ప్రశాంతమైన రాత్రి ఆకాశం గీయించండి. చాలామంది ఇక్కడ సూర్యుణ్ణి గీస్తారు. "ఆ దినమే సాయంకాలమైనప్పుడు" బయలుదేరారని సువార్త చెబుతున్నది గనుక చంద్రుడు, నక్షత్రాలు ఉండాలి. చీకట్లో జరిగిన కథ అని తెలిస్తే శిష్యుల భయం పిల్లలకు ఇంకా బాగా అర్థమవుతుంది.

2. నల్ల కాగితాన్ని ఆ ఆకాశానికి సరిపడేంత కత్తిరించి, పై అంచున మాత్రమే టేపు వేసి, పైకి తెరుచుకునే తలుపుగా అతికించండి. దాని మీద తెల్ల పెన్సిలుతో మెరుపులు, మబ్బులు గీయించండి.

3. నీలి కాగితాలను 10 సెంటీమీటర్ల ఎత్తున రెండు పట్టీలుగా కత్తిరించి, పై అంచును అలలుగా వంపులు తిప్పించండి. ఒకటి 2 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండేటట్టు ఒకదాని వెనుక ఒకటి పెట్టి, రెంటినీ కుడి, ఎడమ అంచుల దగ్గర మాత్రమే అట్టకు అంటించండి. మధ్యలోనూ కింది అంచునా జిగురు తగలకూడదు, పుల్ల కదిలేది ఆ సందులోనే.

4. గోధుమరంగు ముక్కతో అరచేతి వెడల్పు దోనెను కత్తిరించి, వెనుకవైపు పుల్లను అంటించండి. దోనె వెనుక భాగంలో, అంటే అమరంలో, దూదితో చిన్న తలగడ అతికించి, దాని మీద తల వాల్చి నిద్రిస్తున్న యేసును గీయించండి. మిగతా భాగంలో శిష్యుల ముఖాలు గీయాలి. ఎవరి ముఖంలో ఏ భావం ఉండాలో పిల్లలకే వదిలేయండి.

5. పుల్లను రెండు అలల పట్టీల మధ్య నుంచి కిందికి దించితే దోనె అలల్లో తేలుతుంది. పుల్ల పట్టుకుని కుడికీ ఎడమకూ, పైకీ కిందికీ ఆడించవచ్చు.

6. ఖాళీ ఉన్న చోట మరి కొన్ని చిన్న దోనెలు గీయించండి. ఆయన వెంట మరి కొన్ని దోనెలు వచ్చాయని 36వ వచనంలో ఉంది. తరచుగా కథ చెప్పేవాళ్లు వాటిని వదిలేస్తారు. గాలి అణగినప్పుడు ఆ పడవల్లోని వాళ్లు కూడా బతికి బయటపడ్డారని గుర్తించిన పిల్లలు పొరుగువారి కోసం ప్రార్థించటం గురించి తామే మాట్లాడతారు.

అన్నీ ఆరిన తరువాత కథను మళ్లీ చదవండి. గాలి లేచినప్పుడు నల్ల తలుపు కిందికి దించి దోనెను ఊపమనండి. "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అన్న మాటను పిల్లలందరి చేతా గట్టిగా అరిపించండి. దేవుణ్ణి అలా అడగవచ్చునని, అడిగినందుకు ఆయన ఎవరినీ పడవలోంచి దింపేయలేదని వాళ్లకు ఆ క్షణంలో తెలియాలి. "నిశ్శబ్దమై ఊరకుండుము" దగ్గర చేతులు ఆపి, తలుపు పైకి ఎత్తి, కొద్దిసేపు మౌనంగా ఉండనివ్వండి.

తరువాత ఒక్క ప్రశ్న చాలు: "గాలి ఆగకముందు యేసయ్య ఎక్కడున్నాడు నాన్నా?" పడవలోనే ఉన్నాడన్న జవాబు పిల్లల నోటి నుంచే రావాలి. చివర "మీరెందుకు భయపడుచున్నారు?" అని ఆయన అడిగిన మాటను పిల్లలు తిట్టుగా తీసుకునే ప్రమాదం ఉంది. గాలిని గద్దించిన తరువాతే ఆయన శిష్యులను ఆ మాట అడిగాడని, ముందు వాళ్లను కాపాడాడని విడమరచి చెప్పాలి.

రెండో పని: పిడికిలిలో పట్టే మట్టి సిలువ

డాక్టరు సూది వేసేటప్పుడు, కరెంటు పోయిన రాత్రి, బడిలో మొదటిరోజు, ఇలాంటప్పుడు చేతిలో పట్టుకోవటానికి ఒక వస్తువు ఉంటే చిన్నపిల్లల మనసు కుదుటపడుతుంది. ఆ వస్తువు చూసినప్పుడల్లా ఒక వాక్యం గుర్తుకు వచ్చేటట్టు చేయటం ఈ పని ఉద్దేశం. వాక్యం కీర్తనలు 56:3: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను."

మైదా, ఉప్పు, నీళ్లు కలిపిన ముద్దతో ఇలాంటివి చేయమని చాలాచోట్ల చెబుతారు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లో అవి కొన్నాళ్లకే మెత్తబడతాయి. కుమ్మరి దగ్గర దొరికే బంకమన్నే ఇక్కడ నమ్మకమైనది. మట్టిని రాళ్లు, పుల్లలు లేకుండా ఏరి, తడి చేసి, చపాతీ పిండి మెత్తదనం వచ్చేవరకు పిల్లల చేతనే పిసికించండి. ఈ పిసకటమే కలత చెందిన పిల్లవాణ్ణి సగం శాంతింపజేస్తుంది కాబట్టి తొందరపెట్టకండి.

తరువాత చూపుడువేలి మందంలో రెండు కడ్డీలు చేయించాలి, ఒకటి 7 సెంటీమీటర్లు, మరొకటి 5 సెంటీమీటర్లు. అవి కలిసే చోట రెంటిపైనా పుల్లతో గీతలు గీసి, తడి మట్టి పూసి, అడ్డంగా నొక్కించండి. గీతలు లేకుండా అతికిస్తే ఆరిన తరువాత ఊడిపోతుంది. ఇప్పుడు పిల్లవాడు దానిని తన గుప్పిట్లో పట్టుకుని మెల్లగా నొక్కాలి. వేళ్ల గుర్తులు పడి, ఆ సిలువ ఆ ఒక్క చేతికే సరిపోయేటట్టు అవుతుంది. వంకరపోతే సరిచేయకండి. నీడలో మూడు, నాలుగు రోజులు ఆరబెట్టాలి, వర్షాకాలంలో వారం పడుతుంది. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. కాల్చని మట్టి గనుక నీళ్లు తగలకూడదని చెప్పి, ఆరిన తరువాత అక్రిలిక్ రంగు వేయించి, ఆపైన పెద్దవాళ్లు వార్నిష్ పూస్తే చాలాకాలం నిలుస్తుంది. నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వకండి, విరిగితే ముక్కలు నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకు గుడ్డతో కుట్టి దూది నింపిన మెత్తని సిలువ మేలు.

ఇక్కడ ఒక్క సంగతి తప్పకుండా చెప్పాలి. తాయెత్తులు కట్టే అలవాటు మన చుట్టూ ఉంది గనుక ఈ సిలువను కూడా పిల్లలు అలాంటిదేననుకుంటారు. ఈ మట్టిలో ఏ శక్తీ లేదనీ, ఇంట్లో మరిచిపోయి వచ్చినా దేవుడు ఇంట్లో ఆగిపోడనీ, ఇది గుర్తుచేయటానికి మాత్రమేననీ స్పష్టంగా చెప్పండి. విరిగిపోతే పిల్లవాడు బెంగపడకుండా ఉండాలంటే ఈ మాట విరగకముందే చెప్పి ఉంచాలి.

మూడో పని: లోయ దాటే కాపరి

ఇరవై మూడవ కీర్తనను పిల్లలు బట్టీ పట్టి అప్పజెబుతారు కానీ అందులోని దారిని చూడరు. ఆ దారిని చూపించటానికి 72 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాగితపు పట్టీని ఆరు సమాన భాగాలుగా విసనకర్ర మడతలు వేయించండి. అంత పొడవు కాగితం లేకపోతే రెండు ముక్కలు అతికించవచ్చు. వరుసగా పచ్చిక, నెమ్మదిగా పారే నీళ్లు, నడిచే దారి, గాఢాంధకారపు లోయ, సిద్ధం చేసిన భోజనపు బల్ల, యెహోవా మందిరం గీయాలి. లోయ గడిని మిగతావాటిలాగే రంగు పెన్సిళ్లతో వదిలేయకుండా, బొగ్గుతో లేదా నల్ల క్రేయాన్‌తో దట్టంగా నింపించండి. చీకటిని నిజంగా చీకటిగా చూపకపోతే ఆదరణకు అర్థం ఉండదు.

వేరే అట్టముక్క మీద గొర్రెపిల్లను గీసి దూది అంటించాలి. మరో ముక్క మీద గొంగడి కప్పుకుని చేతికర్ర పట్టిన కాపరిని గీయించండి. నగర శివార్లలో గొర్రెల మందలు రోడ్డు దాటుతుండగా పిల్లలు చూసే ఉంటారు. మన దగ్గర కాపరి తరచుగా మంద వెనుక నడుస్తూ తోలుతాడు. యోహాను సువార్త 10:4 చెప్పే కాపరి గొర్రెలకు ముందుగా నడుస్తాడు. అందుచేత రెండు బొమ్మలనూ జానెడు దారంతో కట్టేటప్పుడు కాపరి ముందు, గొర్రె వెనుక ఉండాలి. గొర్రె పొట్ట మీద పిల్లవాడి పేరు రాయించండి.

పట్టీని బల్లమీద పరిచి, కీర్తన చదువుతూ ఒక్కో గడిమీద బొమ్మలను నడిపించమనండి. లోయలోకి ముందు అడుగు పెట్టేది కాపరే అన్నది పిల్లలు చేతితో కనుగొనే సత్యం. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను, నీవు నాకు తోడైయుందువు" అన్న మాట దగ్గర ఆగి, లోయ తరువాత ఇంకా రెండు గడులు మిగిలి ఉన్నాయని చూపించండి.

నాలుగో పని: కన్నీళ్ల సీసా

ఈ పనిని అందరితో కలిపి చేయించవద్దు. ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న, తల్లిదండ్రులు విడిపోయిన, బడి మారి స్నేహితులకు దూరమైన పిల్లలు ఉన్నప్పుడు ఒక్కరితోనో ఇద్దరితోనో చేయండి. ఆధారం కీర్తనలు 56వ అధ్యాయం 8వ వచనం. తన కన్నీళ్లను దేవుడు సీసాలో భద్రపరచాడని, తన గ్రంథంలో రాసుకున్నాడని దావీదు అక్కడ చెబుతాడు. ఏడవటం విశ్వాసం లేకపోవటమని పిల్లలకు చాలా తొందరగా నేర్పేస్తున్నాం. లాజరు సమాధి దగ్గర, కొద్దిసేపట్లో అతణ్ణి లేపబోతూ కూడా, "యేసు కన్నీళ్లు విడిచెను" అని యోహాను 11:35 చెబుతున్నది. ముందు ఆ వచనం చదవండి.

మూత ఉన్న పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ సీసాను శుభ్రంగా కడిగి ఆరబెట్టి ఇవ్వండి. లేత నీలిరంగు కాగితంతో బొటనవేలంత చుక్కలు పది పన్నెండు కత్తిరించమనండి. ఒక్కో చుక్క మీద తనకు ఏడుపు తెప్పించిన సంగతిని ఒక మాటగానో బొమ్మగానో వేసి, చుట్టి, సీసాలో వేయాలి. రాయటం రాని పిల్లలు ఊరికే రంగు వేసినా చాలు. సీసా మెడకు తాడు కట్టి, చిన్న చీటీ మీద "దేవునికి తెలుసు" అని రాయించండి.

చుక్కల మీద ఏముందో అడగవద్దు. చెప్పాలనిపిస్తే చెబుతారు. చెప్పినప్పుడు "ఊరుకో తల్లీ, ఏం కాదులే" అని ఆపేయకుండా, "చాలా కష్టంగా ఉండి ఉంటుంది కదమ్మా" అని వాళ్ల బాధను ఒప్పుకోండి. అమ్మమ్మ ఎప్పుడు తిరిగి వస్తుందని అడిగే ఐదేళ్ల పిల్లకు "దేవుడు తీసుకెళ్లాడు", "నిద్రపోయింది" అన్న మాటలు కొత్త భయాలు పుట్టిస్తాయి. దేవుడు తననూ తీసుకుపోతాడనో, పడుకుంటే తానూ లేవననో ఆ పిల్ల అనుకోవచ్చు. అమ్మమ్మ శరీరం పనిచేయటం ఆగిపోయిందనీ, చనిపోయిందనీ సూటిగా, మెల్లగా చెప్పి, ఆ తరువాత పునరుత్థానం గురించి మన నిరీక్షణను చెప్పాలి.

ఎవరితోనూ చెప్పనని పిల్లలకు ముందుగా మాట ఇవ్వకండి. "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, కానీ నిన్ను ఎవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం నిన్ను కాపాడేవాళ్లకు చెబుతాను" అన్నదే సరైన మాట. పిల్లవాడికి హాని జరుగుతున్నదని అనుమానం వస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయాలి. సంఘం పరువు పోతుందన్న ఆలోచన ఆ ఫోన్‌కు అడ్డు రాకూడదు.

చిన్న పనులు రెండు

ఆవగింజ పాఠానికి పోపుల పెట్టెలోని ఆవాలే చాలు. తడి దూదిని గాజు గ్లాసు లోపలి గోడకు ఆనించి, గాజుకూ దూదికీ మధ్య నాలుగు గింజలు పెట్టిస్తే రెండు మూడు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. విత్తిన మరుక్షణం ఏమీ కనిపించకపోయినా లోపల జరుగుతున్నది ఉందని చెప్పటానికి మత్తయి 13:31, 32 చదవండి. దూది ఎండిపోకుండా రోజూ చూసుకోవలసిన బాధ్యత పిల్లలదే.

బండ మీద ఇల్లు, ఇసుక మీద ఇల్లు కట్టించే పని ఒక పళ్లెంలో పావుగంటలో అయిపోతుంది. ఒకవైపు రాయి, మరోవైపు ఇసుక కుప్ప, రెండింటి మీదా అగ్గిపెట్టె ఇళ్లు పెట్టి చెంబుతో ఇసుక మొదట్లో నీళ్లు పోయిస్తే మత్తయి 7:24-27 కళ్లముందు కనిపిస్తుంది. వాన రెండు ఇళ్ల మీదా పడిందన్న సంగతి మాత్రం చెప్పటం మరువవద్దు. ఆర్కే బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండను, కాళ్ల కింద అల లాగేసే ఇసుకను చూసిన పిల్లలు దీన్ని వెంటనే పట్టుకుంటారు. ఇసుక, గవ్వలు పెద్దవాళ్లే తెచ్చిపెట్టాలి. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు బలమైనవి గనుక చేతిపని సామగ్రి కోసం పిల్లలను అలల దగ్గరికి పంపకూడదు.

ఐదో పని: ఆదరణ పత్రం

పొందిన ఆదరణను ఇతరులకు అందించమని 2 కొరింథీయులకు 1:4 చెబుతున్నది. కాబట్టి పిల్లలు చివరగా చేసేది తమ కోసం కాకూడదు. శుభలేఖను మధ్యకు మడిచి, బయట ఒక బొమ్మ, లోపల ఒక వాక్యం, దాని కింద పిల్లవాడి సొంత మాట ఒకటి ఉండాలి. వాక్యాలు చిన్నవి ఎంచుకోండి. యెషయా 66:13లోని "ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను" అన్నది రోగులకూ వృద్ధులకూ ఒకేలా నచ్చుతుంది. సొంత మాటను మీరు చెప్పి రాయించవద్దు. "తాతగారూ, మీకోసం పడవ బొమ్మ వేశాను" అన్న ఒక్క ముక్క పది వాక్యాల పెట్టు.

వాక్యం రాసేటప్పుడు పెద్దపిల్లలకు మన ఊరి చరిత్ర కాస్త చెప్పవచ్చు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే విశ్వాసి వారికి తోడ్పడ్డాడు. ఆ ఇద్దరు మిషనరీలూ మరణించిన తరువాత, 1812లో, మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తాము కార్డు మీద రాస్తున్న మాటలను తెలుగులోకి తెచ్చే పని తమ ఊళ్లోనే సాగిందని తెలిస్తే పిల్లలు అక్షరాలు గుండ్రంగా రాయటానికి ప్రయత్నిస్తారు.

ఆస్పత్రికి పంపే కార్డుల మీద మెరుపు పొడి, దూది, అత్తరు వద్దు, అవి రోగులకు ఊపిరి ఇబ్బంది కలిగించవచ్చు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) వంటి పెద్ద ఆస్పత్రుల వార్డుల్లోకి పిల్లలను తీసుకువెళ్లకుండా, సిబ్బంది అనుమతితో పెద్దవారే అందజేయాలి. తీసుకునేవారు ఏ మతం వారైనా ముందుగా "పిల్లలు మీ కోసం చేశారండీ, తీసుకుంటారా?" అని అడిగి, ఇష్టపడితేనే ఇవ్వాలి. ఇంటికి వచ్చాక ఎవరు తీసుకున్నారో, ఏమన్నారో పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఎవరికి ఏది, ఏ క్రమంలో

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఆవగింజ, గొర్రెపిల్ల, గుడ్డ సిలువ సరిపోతాయి. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు దోనె, లోయ పట్టీ, మట్టి సిలువ బాగుంటాయి. పదేళ్లు దాటిన వాళ్లు దోనెను తామే కొలిచి తయారుచేసి, చిన్నవాళ్లకు నేర్పగలరు. వరుసగా ఐదు ఆదివారాలు దొరికితే మొదటి రెండు వారాలు దోనెకు, మూడో వారం మట్టి సిలువకు, నాలుగో వారం లోయకు, ఐదో వారం కార్డులకు ఇవ్వండి. మొదటి వారమే ఆవాలు విత్తిస్తే పిల్లలు ఇంట్లో రోజూ నీళ్లు చిలకరిస్తూ, మొలక వచ్చిందో లేదో వచ్చే ఆదివారం వచ్చి చెబుతారు.

ఇంటికి తీసుకువెళ్లే ప్రతి వస్తువు వెనుక వాక్యమూ, ఇంట్లో అడగవలసిన ఒక ప్రశ్నా రాసి పంపండి. దోనె వెనుక "హుద్‌హుద్ వచ్చిన రోజు మీరు ఎక్కడున్నారు, అప్పుడు మీకు ఎవరు తోడున్నారు?" అని అమ్మానాన్నలను అడగమని రాయవచ్చు. ఆ రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారో, నీళ్లు, పాలు ఎవరు తెచ్చి ఇచ్చారో పెద్దలు చెప్పే సంగతులను మరుసటి వారం తరగతిలో పదిహేను నిమిషాలు వినిపించనివ్వండి. ఆ సమయం కోసం అవసరమైతే రంగులు వేసే పనిని తగ్గించుకోండి.